వరుస తప్పలేదు, ఎడం తప్పింది: ఒక వైఫై కార్డు కేస్ స్టడీ

"అన్నా, పగలంతా బాగనే ఉంటాది. రాత్రి పదకొండు దాటినాక పడిపోతాంది. మళ్లీ దానంతట అదే లేస్తాంది."

అనంతపురం దగ్గర చీనీ తోటల్లో మా గేట్‌వే పెట్టెలు బిగించే కుర్రాడు ఫోన్లో చెప్పిన మాటలివి. ఆ రోజు నేను సరిగ్గా వినలేదు. బ్యాటరీ దిగిపోతోందేమో చూడమని చెప్పి పెట్టేశా. జబ్బు లక్షణమంతా అతను చెప్పిన మొదటి రెండు ముక్కల్లోనే ఉందని తెలుసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ముందు పెట్టె సంగతి. డ్రిప్ వాల్వులు తెరిచి మూసే చిన్న యూనిట్లు, నీటి ఒత్తిడి చూసే సెన్సర్లు, ఒకటి రెండు కెమెరాలు అన్నీ వైఫై మీద ఈ గేట్‌వేకి కలుస్తాయి. లోపల ఆర్మ్ రకం ప్రాసెసర్ బోర్డు, లినక్స్, పీసీఐ ఎక్స్‌ప్రెస్ (ప్రాసెసర్‌నీ కార్డునీ కలిపే దారి) మీద కూర్చున్న ఎం.2 వైఫై కార్డు. కరెంటు సోలార్ ప్యానెల్ నుంచి, రాత్రిపూట బ్యాటరీ నుంచి. కార్డుని నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, లినక్స్ కెర్నెల్‌తో (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) వచ్చేది కాదు. కార్డు తయారీదారు సోర్స్ కోడ్ ఇస్తే మేమే మా కెర్నెల్‌కి కట్టుకుంటాం. అంతకుముందు తరం పెట్టెలో ఇదే కార్డు, ఇదే డ్రైవర్ ఒక చిన్న ఎక్స్86 (పీసీల్లో ఉండే ప్రాసెసర్ రకం) బోర్డు మీద రెండేళ్లు నోరెత్తకుండా పనిచేశాయి. అందుకే అనుమానం మొదట కార్డు మీదకి పోలేదు, కొత్త బోర్డు మీదకి పోయింది.

తోట నుంచి తెప్పించిన లాగ్‌లో ఉన్నది బ్యాటరీ గొడవ కాదు. ఫర్మ్‌వేర్ అసర్ట్. అంటే కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్ తనకి అర్థం కాని విలువ ఏదో చూసి, ఇక ముందుకు పోలేనని చేతులెత్తేసింది. డ్రైవర్ దాన్ని గమనించి కార్డుని రీసెట్ చేసి, ఫర్మ్‌వేర్‌ని మళ్లీ లోడ్ చేస్తుంది. ఆరేడు సెకన్లు. ఆ తర్వాత వాల్వు యూనిట్లన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ కలవాలి. ఒక్కో రాత్రి ఐదారు సార్లు ఇదే తంతు. ఒక రాత్రి వాల్వు మూసే కమాండ్ సరిగ్గా ఆ సందులో పడి, తెల్లారేసరికి రెండు సాళ్ల నిండా నీళ్లు నిలిచాయి. అప్పటినుంచి మాకూ టెన్షన్ మొదలైంది.

తయారీదారుకి రాస్తే కొత్త ఫర్మ్‌వేర్ వేసి చూడమన్నారు. వేశాం. అదే అసర్ట్, అదే లైను నంబరు.

హైదరాబాద్‌లో మా ల్యాబ్‌లో రెండు పెట్టెలు టేబుల్ మీద పెట్టి, నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్‌తో 72 గంటలు ఆపకుండా డేటా తోలాం. ఒక్కసారి కూడా పడలేదు. వేడి ఎక్కువ చేశాం, సిగ్నల్ తగ్గించాం, వోల్టేజీ దించాం. ఊహూఁ. మేం చేసిన తప్పేమిటంటే, పనిభారం పెంచితే లోపం బయటపడుతుందని నమ్మడం. ఈ లోపం భారానికి లొంగే రకం కాదు, ఖాళీగా కూర్చుంటే వచ్చే రకం. శుక్రవారం సాయంత్రం ఐపెర్ఫ్ ఆపేసి, పెట్టెలు ఆన్‌లోనే మరిచిపోయి ఇంటికి పోయాం. సోమవారం వచ్చి చూస్తే రెండు పెట్టెల లాగ్ నిండా అసర్ట్‌లే. తోటలో రాత్రి పదకొండు తర్వాత కెమెరాలు ఆగిపోతాయి, సెన్సర్లు పది నిమిషాలకోసారి మాత్రమే పలుకుతాయి. కార్డుకి పనుండదు కాబట్టి నిద్రపోతుంది. పడిపోయేది నిద్రలేచేటప్పుడు.

అంతవరకూ వచ్చాక డ్రైవర్‌లో చూడాల్సిన చోటు చిన్నదైపోయింది. కార్డుని లేపే ఫంక్షన్ మూడు అడుగులే. మేల్కొలుపు రిజిస్టర్‌లో (రిజిస్టర్ అంటే కార్డు లోపల విలువ ఉంచే చిన్న గడి) ఒక బిట్ రాయి. 50 మైక్రోసెకన్లు ఆగు. తర్వాత డోర్‌బెల్ రిజిస్టర్‌లో కొత్త ఇండెక్స్ రాయి. డోర్‌బెల్ అంటే పేరుకి తగ్గట్టే, "ట్రాన్స్‌మిట్ రింగ్‌లో కొత్త ప్యాకెట్ పెట్టాను, తీసుకో" అని కార్డు తలుపు తట్టడం. రింగ్ అంటే పంపాల్సిన ప్యాకెట్ల గుండ్రటి వరుస. మధ్యలో 50 మైక్రోసెకన్లు ఎందుకంటే, నిద్రలో ఆగిన కార్డు లోపలి క్లాక్ మళ్లీ నిలకడగా తిరగడానికి అంత సమయం కావాలని డేటాషీట్ చెబుతోంది. కోడ్ చదివితే ఎక్కడా తప్పు కనబడదు. నేను పదిసార్లు చదివాను.

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఆ ఫంక్షన్‌లో ఒక డీబగ్ ప్రింట్ పెట్టింది. మేల్కొలుపు బిట్ రాయగానే ఆ రిజిస్టర్‌లో ఏముందో చదివి లాగ్‌లో రాస్తుంది. ఆ రాత్రి క్రాష్ లేదు. మర్నాడు రాత్రీ లేదు. ప్రింట్ తీసేస్తే మళ్లీ మొదలు. ఈ పనిలో ఉన్నవాళ్లెవరికైనా ఇది పాత బాధే: చూడబోతే మాయం, చూపు తిప్పితే ప్రత్యక్షం. ప్రింట్ వల్ల కాస్త ఆలస్యమై తప్పించుకుంటోందని నేను తేల్చేశా. 50ని 200 చెయ్యమన్నా. చేస్తే క్రాష్‌లు బాగా తగ్గాయి, రెండు మూడు రాత్రులకొకటి. ఇంకాస్త పెంచి వదిలేద్దామా అని ఒక క్షణం అనిపించింది కూడా.

ఆ అమ్మాయి వదల్లేదు. వదలకపోవడానికి కారణం చాలా మామూలుది. లాగ్ ఫైలు పెద్దదైపోతోందని ఆమె ప్రింట్‌లో రిజిస్టర్ విలువ తీసేసి, ఉత్త "లేపాను" అన్న మాట మాత్రం ఉంచింది. ప్రింట్ ఉన్నా క్రాష్ తిరిగొచ్చింది. "సర్, ప్రింట్ వల్ల కాదు. చదవడం వల్ల" అంది. తర్వాత ప్రింట్ మొత్తం తీసేసి, రిజిస్టర్‌ని చదివి ఆ విలువని పారేసే ఒక్క లైను మాత్రం పెట్టాం. వరసగా నాలుగు రాత్రులు, రెండు పెట్టెల మీద, క్రాష్ సున్నా.

చదివిన విలువ వాడనే వాడలేదు. అయినా ఆ చదువే మందు. దీన్ని అర్థం చేసుకుంటే కేసు అయిపోయినట్టే కాబట్టి ఇక్కడ కాస్త తీరిగ్గా చెబుతాను.

పీసీఐ మీద మెమరీ రాతలు పోస్టెడ్ రాతలు. ఉత్తరం డబ్బాలో వేసినట్టే. వేసిన మనిషి ఇంటికి పోతాడు, చేరిందని కబురు రాదు. ప్రాసెసర్ రైట్‌ఎల్ (రిజిస్టర్‌లో రాసే కెర్నెల్ ఫంక్షన్) ఇచ్చాక ఆ రాత రూట్ కాంప్లెక్స్ (ప్రాసెసర్ వైపు పీసీఐ గుమ్మం) బఫర్‌లో కూర్చుంటుంది. ప్రాసెసర్ మాత్రం తన పని అయిపోయిందనుకుని తర్వాతి లైనుకి పోతుంది. ఆర్మ్64లో (64 బిట్ల ఆర్మ్) ఇది ఇంకా బాహాటం. డివైస్ రిజిస్టర్లని లినక్స్ మామూలుగా మ్యాప్ చేసే మెమరీ రకం పేరులో చివరి అక్షరమే ముందస్తు రసీదుకి అనుమతి ఉందని చెబుతుంది. రాత గమ్యం చేరకముందే దారిలో ఎవరో ఒకరు "అందింది" అనేయొచ్చన్న మాట. కాన్ఫిగరేషన్ రాతలు (కార్డు అమరికలు మార్చేవి) వేరు, వాటికి జవాబు రావాల్సిందే. అందుకే కెర్నెల్ కాన్ఫిగరేషన్ స్థలాన్ని ముందస్తు రసీదు ఒప్పుకోని రకంగా మ్యాప్ చేస్తుంది.

చదవడం అలా కాదు. విలువ వెనక్కి వచ్చేదాకా ప్రాసెసర్ నిలబడాలి. పీసీఐ నియమం ప్రకారం రీడ్ రిక్వెస్ట్ తనకన్నా ముందు బయల్దేరిన పోస్టెడ్ రాతల్ని దాటి ముందుకు పోకూడదు. అంటే చదువుకి జవాబు వచ్చిందంటే, దాని ముందు రాసినవన్నీ కార్డుకి చేరిపోయినట్టే లెక్క.

ఇప్పుడు ఆ 50 మైక్రోసెకన్ల సంగతి. లెక్క మొదలయ్యేది రాత బయల్దేరినప్పుడా, చేరినప్పుడా? యూడిలే, అంటే ఇన్ని మైక్రోసెకన్లు ఆగమనే కెర్నెల్ ఫంక్షన్, ప్రాసెసర్ దగ్గర లెక్కపెడుతుంది, కార్డు దగ్గర కాదు. మామూలుగా ఈ తేడా మైక్రోసెకను కూడా ఉండదు, ఎవరికీ పట్టదు. మా పెట్టెలో మాత్రం కార్డు నిద్రపోయే వేళకే పీసీఐ లింక్ కూడా నిద్రపోతుంది. దాన్ని ఏఎస్‌పీఎం అంటారు. లింక్ ఎల్1 (నిద్ర) స్థితిలోకి పోతే దాన్ని తిరిగి ఎల్0కి (మెలకువకి) లేపడానికి సమయం పడుతుంది. పీసీఐ కార్డుల వివరాలు చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌లో చూస్తే మా కార్డు ఎల్1 నుంచి బయటపడడానికి 64 మైక్రోసెకన్ల లోపు అని రాసుకుంది. ఎల్1.2 అనే ఇంకా గాఢమైన నిద్రలో ఉంటే రిఫరెన్స్ క్లాక్ కూడా ఆగి ఉంటుంది, ఆలస్యం మరింత.

పొలం లెక్కలో చెబితే: బోరు స్టార్టర్ నొక్కమని ఒక పిల్లాణ్ని పంపారు. మోటారు అందుకోవడానికి ఐదు నిమిషాలు కావాలి కాబట్టి, ఇంటి దగ్గర గడియారం చూసుకుని ఐదు నిమిషాలయ్యాక గేటు వాల్వు తిప్పమని రెండోవాణ్ని పంపారు. మొదటివాడు రైల్వే గేటు దగ్గర ఆగిపోయాడు. గేటు ఎత్తేసరికి రెండోవాడు వెనకే వచ్చి కలిశాడు. ఇద్దరూ వరుసలోనే వెళ్లారు. కానీ ఒకరి వెనక ఒకరు, అడుగు దూరంలో.

మా రెండు రాతలకీ జరిగింది అదే. మేల్కొలుపు రాత లింక్ లేచేదాకా బఫర్‌లో ఆగింది. ఆలోగా ప్రాసెసర్ దగ్గర 50 మైక్రోసెకన్లు అయిపోయాయి. డోర్‌బెల్ రాత వెళ్లి దాని వెనకే నిలబడింది. లింక్ లేవగానే రెండూ కలిసి కార్డు మీద పడ్డాయి. క్లాక్ ఇంకా కుదురుకోలేదు, డోర్‌బెల్ రిజిస్టర్‌లో విలువ సరిగ్గా పడలేదు. ఫర్మ్‌వేర్ ఆ ఇండెక్స్ చూసి, "ఇలాంటి అంకె నా రింగ్‌లోనే లేదు" అని అసర్ట్ కొట్టింది. దాని తప్పేమీ లేదు. చెత్త విలువ నమ్మి ముందుకు పోకుండా ఆగినందుకు మెచ్చుకోవాలి కూడా.

200 మైక్రోసెకన్లు పెడితే ఎందుకు తగ్గింది, ఎందుకు పూర్తిగా పోలేదు అన్నదీ దీంతో తేలింది. లింక్ లేవడానికి పట్టే కాలం ప్రతిసారీ ఒకటి కాదు. ఎక్కువసార్లు 200లో ఇమిడిపోయింది, అప్పుడప్పుడూ ఇమడలేదు.

మధ్యలో ఒక వారం నేను బ్యారియర్ల మీద వృథా చేశాను. రాతల వరుస తారుమారవుతోందేమోనని డబ్ల్యూఎంబీలు (రాతల వరుస కాపాడే బ్యారియర్లు) చల్లుకుంటూ పోయా. ఏమీ మారలేదు. మారదు కూడా. బ్యారియర్ వరుస కాపాడుతుంది తప్ప గమ్యానికి తోయదు. ఇక్కడ వరుస ఎప్పుడూ తప్పలేదు, తప్పింది రాతల మధ్య ఎడం. ఈ రెండూ వేర్వేరు జబ్బులని నాకు తెలీకపోలేదు. లాగ్ ముందు కూర్చున్నప్పుడు గుర్తు రాలేదంతే.

సిద్ధాంతం ఎంత ముచ్చటగా ఉన్నా సాక్ష్యం కావాలి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎనలైజర్ (లింక్ మీద పోయే ప్యాకెట్లని చూపే యంత్రం) కొనే స్తోమత మాకు లేదు. తెలిసినవాళ్ల ల్యాబ్‌లో ఒక పూట వాడుకోనిచ్చారు. కార్డుకీ స్లాట్‌కీ మధ్య ఇంటర్‌పోజర్ పెట్టి, పెట్టెని ఖాళీగా వదిలి, అసర్ట్ కోసం కాసుకుని కూర్చున్నాం. మధ్యాహ్నం భోజనం టైముకి దొరికింది. లింక్ ఎల్1 నుంచి లేచిన వెంటనే రెండు మెమరీ రైట్ ప్యాకెట్లు. వాటి మధ్య దూరం 50 మైక్రోసెకన్లు ఉండాల్సింది, 3 కూడా లేదు. ఆ రోజు నేను అన్నం సగంలో లేచాను.

ఇంకో పరీక్ష అంతకుముందే చేసి ఉండాల్సింది, ఆ తర్వాత చేశాం. బూట్ లైనులో ఏఎస్‌పీఎం పూర్తిగా ఆపేశాం. క్రాష్‌లు పోయాయి. పాత ఎక్స్86 బోర్డు రెండేళ్లు ఎందుకు మాట్లాడలేదో కూడా అర్థమైంది. దాని బయోస్‌లో ఏఎస్‌పీఎం మొదటినుంచీ ఆఫ్. కొత్త బోర్డులో సోలార్ బ్యాటరీ ఇంకో రెండు గంటలు లాగాలని ఏఎస్‌పీఎం పాలసీని పవర్‌సూపర్‌సేవ్ చేసిందెవరు? నేనే. ఆ పాలసీ ఎల్1 ఉపస్థితుల్ని (ఎల్1.2 లాంటివి) కూడా తెరుస్తుంది. డ్రైవర్‌లో గొయ్యి ఏళ్ల నుంచీ ఉంది, దాని మీద కప్పిన రేకు తీసింది నా మార్పు.

క్లయింట్ అయితే "ఆపేస్తే సరిపోతుంది కదా సార్, అలాగే పంపండి" అన్నారు. మబ్బు పట్టిన వారంలో పెట్టె తెల్లవారుజామున ఆరిపోతే మళ్లీ ఫోన్ నాకే వస్తుంది. ఆపలేదు.

ఇక మరమ్మతు. ఒక్క లైను చదువు పెడితే పోయేదానికి మేం రెండుసార్లు తప్పటడుగు వేశాం.

మొదటి తప్పు, ఏ రిజిస్టర్ చదివినా ఒకటే కదా అని, చేతికి దగ్గరగా ఉన్న ఇంటరప్ట్ స్టేటస్ రిజిస్టర్‌ని చదవడం (ఇంటరప్ట్ అంటే పని ఉందని కార్డు ప్రాసెసర్‌ని పిలవడం). ఆ కార్డులో అది చదవగానే చెరిగిపోయే రకం. మేం రాతని తోయడానికి చదివిన ప్రతిసారీ, వచ్చి ఉన్న ఇంటరప్ట్ సమాచారాన్ని తుడిచేస్తున్నాం. ప్యాకెట్లు వెళ్లిపోయినా వెళ్లాయన్న కబురు డ్రైవర్‌కి అందడం లేదు. ఫర్మ్‌వేర్ క్రాష్‌లు పోయి, వాటి చోట ట్రాన్స్‌మిట్ క్యూ టైమ్‌అవుట్ అయిందంటూ నెట్‌దేవ్ వాచ్‌డాగ్ (క్యూ ఆగిపోయిందేమో చూసే కెర్నెల్ కాపలా) అరుపులు మొదలయ్యాయి. ఒక రోజంతా అది వేరే లోపం అనుకున్నాం.

రెండో తప్పు, అసలు డ్రైవర్‌లోని రాత మ్యాక్రోలోనే ప్రతి రాత తర్వాతా ఒక చదువు తగిలించడం. అన్ని చోట్లా ఒకేసారి నయమవుతుందని ఆశ. నయమైంది, కెమెరా వీడియో మాత్రం నత్తనడక అయింది. రాత బఫర్‌లో వేసి పోవడం, చదువు వెళ్లి తిరిగొచ్చేదాకా నిలబడడం. డేటా దారిలో ప్రతి ప్యాకెట్‌కీ ప్రాసెసర్‌ని అలా నిలబెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పోస్టెడ్ రాతలు కనిపెట్టిందే ఆ నిలబాటు తప్పించడానికి.

చివరికి మిగిలిన మార్పు ఇది. మేల్కొలుపు బిట్ రాశాక, అదే రిజిస్టర్‌ని పదేపదే చదువుతూ క్లాక్ సిద్ధం అన్న బిట్ వెలిగేదాకా ఆగడం. ఆ బిట్ డేటాషీట్‌లో ఒక పట్టిక అడుగున ఉంది, డ్రైవర్ రాసినవాళ్లు దాన్ని ముట్టుకోలేదు. 50 మైక్రోసెకన్లు అన్నది ఊహ, ఈ బిట్ జవాబు. ఇలా పదేపదే చదివే పోలింగ్‌లో మొదటి చదువే రాతని కార్డు దాకా తోస్తుంది, తర్వాతవి క్లాక్ కోసం. ఇంటెల్ కార్డులకి కెర్నెల్‌లో ఉన్న ఐడబ్ల్యూఎల్‌వైఫై డ్రైవర్ చేసేదీ ఇలాంటిదే. యాక్సెస్ కావాలని బిట్ పెట్టి, క్లాక్ సిద్ధం బిట్ కోసం 15,000 మైక్రోసెకన్ల దాకా పోల్ చేస్తుంది. మొదట్లోనే దాన్ని తెరిచి చూసుంటే మూడు వారాల్లో రెండు మిగిలేవి.

చిన్న చిక్కులు రెండు. ఈ ఫంక్షన్‌ని ట్రాన్స్‌మిట్ దారిలో స్పిన్‌లాక్ (పట్టుకున్నంతసేపు నిద్రపోకూడని తాళం) పట్టుకుని పిలుస్తారు కాబట్టి, నిద్రపోయే రకం పోలింగ్ వాడకూడదు. కెర్నెల్ ఐఓపోల్ హెడర్‌లో నిద్రపోని అటామిక్ రకం ఉంది, అది వాడాం. టైమ్‌అవుట్ 5 మిల్లీసెకన్లు పెట్టాం. రెండోది, లింక్ నిజంగానే తెగిపోయి ఉంటే చదువుకి ముప్పై రెండు బిట్లూ ఒకట్లే వస్తాయి. అందులో మనకి కావలసిన బిట్ కూడా ఒకటే కాబట్టి, చూడకపోతే కార్డు పోయినా "సిద్ధం" అనుకుని ముందుకు పోతాం. అన్నీ ఒకట్లే వస్తే రీసెట్‌కి పంపేలా విడిగా రాశాం.

క్లాక్ బిట్ లేని కార్డైతే ఏం చేయాలని అడిగారొకరు. రాసి, అదే రిజిస్టర్‌ని చదివి, అప్పుడు యూడిలే పెట్టాలి. కెర్నెల్ మెమరీ బ్యారియర్ల డాక్యుమెంట్‌లో సరిగ్గా ఈ మూడు అడుగుల ఉదాహరణే ఉంది. చదువు పూర్తయ్యేదాకా ఆలస్యపు లూప్ మొదలు కాదని రీడ్‌ఎల్ (రిజిస్టర్ చదివే కెర్నెల్ ఫంక్షన్) హామీ ఇస్తుంది. ఆర్మ్64లో ఆ హామీ కోసం, చదివిన విలువ మీద ఉత్తుత్తి బ్రాంచ్ ఒకటి పెట్టారు. ప్రాసెసర్ ముందుకు దూకి టైమర్‌ని ముందే చదివేయకుండా. రీడ్‌ఎల్‌లో రిలాక్స్‌డ్ రకానికి ఆ హామీ లేదు, అక్కడ జాగ్రత్త.

ఇదే జబ్బు కోసం డ్రైవర్ మొత్తం వెతికితే ఇంకో రెండు చోట్ల కనబడింది. ఇంటరప్ట్‌కి జవాబు రాసి వెంటనే హ్యాండ్లర్ నుంచి బయటపడే చోట ఒకటి. మేం వాడేది ఎంఎస్ఐ (విడి తీగ మీద కాకుండా మెమరీ రాతగా వచ్చే ఇంటరప్ట్) కాబట్టి మాకు దెబ్బ లేదు. పాత లైను ఇంటరప్ట్ అయితే జవాబు చేరేలోగా లైను ఇంకా పట్టి ఉండి, లేని ఇంటరప్ట్ మళ్లీ వచ్చినట్టు కనబడుతుంది. అవి పేరుకుపోతే, లక్షలో 99,900 దాటి ఎవరూ పట్టించుకోలేదని తేలితే, కెర్నెల్ ఆ ఇంటరప్ట్ లైన్నే ఆపేస్తుంది.

రెండోది నిజంగా భయపెట్టింది. డ్రైవర్‌ని దించేటప్పుడు డీఎంఏ (కార్డు తానే నేరుగా మెమరీని ముట్టుకోవడం) ఆపమని కార్డుకి రాసి, మరుసటి లైనులోనే రింగ్ మెమరీని కెర్నెల్‌కి తిరిగిచ్చేస్తోంది. ఆ రాత ఇంకా దారిలో ఉంటే, ఇప్పుడు వేరెవరిదో అయిపోయిన మెమరీలోకి కార్డు ప్యాకెట్లు కుమ్మరిస్తుంది. పదిసార్లు రీలోడ్ చేస్తే ఒకసారి ఏ సంబంధం లేని ప్రాసెస్ చచ్చిపోతుండేది. దాన్ని మేం మెమరీ చిప్ నాణ్యత ఖాతాలో రాసేసి నెలలైంది. అక్కడా ఒక చదువు, డీఎంఏ ఆగిందన్న బిట్ కోసం ఒక పోల్ పెట్టాం.

తోటల్లోని పెట్టెలకి అప్‌డేట్ పంపాక మొదటి రెండు వారాలు రోజూ పొద్దున్నే లాగ్ చూసేవాణ్ని. అసర్ట్ లేదు. ఏఎస్‌పీఎం అలాగే ఆన్‌లో ఉంది. కార్డు తయారీదారుకి ప్యాచ్, ఎనలైజర్ బొమ్మ రెండూ పంపాం. తర్వాతి విడుదలలో మా పోలింగ్ పెట్టారు. దాని కిందే పాత 50 మైక్రోసెకన్ల యూడిలేని కూడా ఉంచేశారు, "క్లాక్ కోసం ఆగు" అన్న పాత కామెంట్‌తో సహా. తీసేయమని రాద్దామనుకుని, ఊరుకున్నాను.